ముగ్గురు కొడుకులున్న ఇంట్లో డయాలసిస్ మామయ్యని కోడలే ఎందుకు చూసుకుంటోంది?

సోంపేట_చిన్నకోడలు

అందరికీ నమస్తే. నేను వైజాగ్‌లో ఉంటాను. అత్తవారిది సోంపేట దగ్గర పల్లె. ఉద్దానం గురించి పేపర్లలో చదివే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు షుగర్ లేకపోయినా, బీపీ లేకపోయినా కిడ్నీలు పాడైపోతుంటాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మా మామయ్యగారికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరుగుతూ పెరుగుతూ చివరికి డయాలసిస్ దాకా వచ్చింది. వారానికి మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ మీద.

ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దబావగారు ఊళ్ళోనే ఉంటారు, రెండోవారు చెన్నై, మేం వైజాగ్. చూసుకునేది మాత్రం మా పెద్ద తోటికోడలు. ఆటో మాట్లాడటం దగ్గర్నుంచి ఆయన విసుక్కుంటే పడటం దాకా అన్నీ ఆవిడే. పోనీ ఇద్దరికీ మొదటినుంచీ అంత సఖ్యత ఉందా అంటే అదీ లేదు. పెళ్ళిలో కట్నం దగ్గర ఆయన అన్న మాటలు అక్క ఇప్పటికీ పొల్లుపోకుండా అప్పజెబుతుంది. పండక్కి వెళ్ళినప్పుడు అడిగాను, ‘ఎందుకక్కా ఇంత చేస్తున్నావు?’ అని. ‘నువ్వు చేస్తావా మరి?’ అంది. నేను నోరు మూసుకున్నాను.

నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా. ప్రేమా, భయమా, ఆస్తా, పరువా? మీ ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి జబ్బుతో ఉన్నవాళ్ళని ఎవరు చూస్తున్నారు? ఎందుకు వాళ్ళే? నీతులు మాత్రం వద్దు.

గట్టిమాట

ఆస్తి. ఉంటే చూస్తారు, లేకపోతే లేదు. ఇంత చర్చ అక్కర్లేదు.

కాశీబుగ్గ_జీడిపప్పు

గట్టిమాట గారూ, మీరు ఎప్పుడైనా మా వైపు వచ్చారా? 2018లో తిత్లీ తుపానుకి కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు పడిపోయాక మా ఊళ్ళల్లో చాలామందికి ఆస్తి అంటే అప్పు కాగితాలే. అయినా మంచాన పడ్డ ముసలాళ్ళని ఇంట్లోవాళ్ళే చూస్తున్నారు.

నేను జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. మా ఇంట్లో పేషెంట్ నా భార్య. ఒక విషయం చెప్తాను. నేను ఆమెని డయాలసిస్‌కి తీసుకెళ్తే వార్డులో అందరూ నన్ను దేవుడిలా చూస్తారు. ‘ఎంత మంచి మొగుడమ్మా, అదృష్టవంతురాలివి’ అని ఆమెతోనే అంటారు. పక్క బెడ్ అతన్ని అతని భార్య అంతకంటే ఎక్కువ కాలంగా తిప్పుతోంది. ఆమెని ఒక్కరూ ఒక్క మాట మెచ్చుకోగా నేను వినలేదు. మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉందమ్మా.

పని ఏమిటో తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా. కిడ్నీ పని చేయకపోతే పొటాషియం ఒంట్లోనే ఉండిపోతుంది. ఎక్కువైతే గుండె ఆగిపోవచ్చు. మా వాకిట్లోనే కొబ్బరి చెట్టు, ఆమె మాత్రం బొండం నీళ్ళు తాగకూడదు. అరటిపండు కూడా అంతే. కూరగాయలు చిన్న ముక్కలు తరిగి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి ఆ నీళ్ళూ వంపేయాలి. రుచి ఉండదు. ‘గడ్డి పెడుతున్నావు’ అని తిడుతుంది, నిజమే కదా. తాగే నీళ్ళకీ కొలతే. మజ్జిగ, చారు, టీ, మాత్ర వేసుకునే గుక్క, అన్నీ ఆ లెక్కలోకే. నోరు ఎండిపోతుందంటే లవంగం ఇస్తాను. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎంత పెరిగిందో సిస్టర్ చూసి నన్నే కోప్పడుతుంది, ఆమెని కాదు.

పొద్దున్నే లేవగానే ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) ఉన్న చేతి మీద వేళ్ళు పెట్టి చూస్తాను. లోపల గుర్రుమని కొట్టుకుంటూ ఉండాలి. అది ఆగిందంటే మూసుకుపోయినట్టే, మళ్ళీ ఆపరేషన్ కోసం పరుగు. ఆ చేతికి బీపీ చూడకూడదు, సూది గుచ్చకూడదు, ఆ వైపు ఒత్తిగిలి పడుకోకూడదు. రాత్రి ఆమె అటు తిరిగితే నాకు మెలకువ వచ్చేస్తుంది.

ఎందుకు చేస్తున్నానంటే ఏం చెప్పను? మా పిల్లలు చిన్నవాళ్ళు. వాళ్ళకి అమ్మ కావాలి. నాకూ కావాలి.

డాలస్_బాబాయ్

చాలా బాగా రాశారు బ్రదర్. నా వైపు నుంచి ఒక మాట. దూరంగా ఉన్నవాళ్ళు ఏమీ చేయడం లేదన్నట్టు మాట్లాడతారు అందరూ. మా నాన్నకి పార్కిన్సన్స్. విజయవాడలో అన్నావదినల దగ్గర ఉంటారు. మందులు, అటెండర్ జీతం, ఫిజియోథెరపీ ఖర్చు అన్నీ నావే. డబ్బు పంపడం చూసుకోవడం కాదా?

ఇక్కడ అమెరికాలో 1993 నుంచి ఒక చట్టం ఉంది. అర్హత ఉన్న ఉద్యోగి భార్యకో, భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో పెద్ద జబ్బు చేస్తే ఏడాదికి 12 వారాల సెలవు తీసుకోవచ్చు. జీతం రాదు కానీ ఉద్యోగం పోదు. కిందటేడు నేను వాడుకుని నాన్న దగ్గరికి వచ్చి ఉన్నాను. మా ఆవిడ కూడా వస్తానంది. వాళ్ళ హెచ్‌ఆర్ కుదరదన్నారు. ఆ చట్టంలో తల్లిదండ్రులంటే సొంత తల్లిదండ్రులేనట, అత్తమామలు రారు.

సోంపేట_చిన్నకోడలు

అదేంటి బాబాయ్ గారూ, మన దగ్గర అత్తమామలకి చేయాల్సింది కోడలే, అక్కడ కోడలికి సెలవే లేదా!

డయాలసిస్_సిస్టర్

నేను తెలంగాణలో ఒక డయాలసిస్ సెంటర్‌లో పని చేస్తాను. ఊరు చెప్పను.

బెంచీ మీద కూర్చునేవాళ్ళని రోజూ చూస్తాం కాబట్టి ఎవరు ఎవరికోసం వస్తారో మాకు తెలుసు. మగ పేషెంట్ అయితే భార్య. పెళ్ళికాని కుర్రాడైతే తల్లి. ముసలాయన అయితే కోడలు లేదా కూతురు. ఆడ పేషెంట్ అయితే? మొదట్లో భర్తో కొడుకో వస్తారు. కొన్నాళ్ళయ్యాక చాలామంది ఒంటరిగా ఆటో దిగుతారు. ‘ఎవరూ రాలేదా అమ్మా?’ అంటే ‘వాళ్ళకి పనులుంటాయి కదా మేడం’ అని వాళ్ళే సర్ది చెబుతారు. కాశీబుగ్గ అన్నలాంటి వాళ్ళు లేకపోలేదు, ఉన్నారు. కానీ వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కిడ్నీ ఇచ్చే దగ్గరా ఇదే కథ. మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. భర్త కిడ్నీ మ్యాచ్ అయినా ‘ఆయన సంపాదించే మనిషి’ అంటారు. బీడీలు చుట్టే భార్య సంపాదించే మనిషి కాదా అంటే ఎవరూ మాట్లాడరు.

ఇంకో సంగతి. 1994 అవయవ మార్పిడి చట్టంలో దగ్గరి బంధువులంటే భార్య లేదా భర్త, కొడుకు, కూతురు, అమ్మ, నాన్న, తోబుట్టువులు. 2011 సవరణలో తాత, అవ్వ, మనవలు, మనవరాళ్ళని కూడా చేర్చారు. కోడలు ఆ జాబితాలో లేదు. మామయ్యకి అన్నం నుంచి మందు దాకా అన్నీ చేసే మనిషి కిడ్నీ ఇస్తానంటే బయటి మనిషి లెక్కే, కమిటీ అనుమతి కావాలి. ఇవ్వమని నేను చెప్పడం లేదు, చెప్పనే చెప్పను. డాలస్ బాబాయ్ గారి మాట చదవగానే గుర్తొచ్చింది.

వరంగల్_వకీలు

అయితే కోడలు లేని మూడో చట్టం నేను చెప్తా. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం, 2007. పిల్లలు చూడకపోతే ఆర్డీఓ స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, నెలకి 10,000 దాకా ఇప్పించొచ్చు. ముసలివాళ్ళని వదిలేసి పోతే 3 నెలల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. ఇందులో ‘పిల్లలు’ అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు, అల్లుడు లేరు. 2019లో వాళ్ళనీ చేరుస్తూ బిల్లు తెచ్చారు కానీ అది చట్టం కాలేదు.

అంటే తల్లీ, మీ తోటికోడలికి చట్టప్రకారం మీ మామగారి బాధ్యత లేదు. మీ ఆయనకీ, మీ ఇద్దరు బావగార్లకీ ఉంది. ఇంటికి వెళ్ళి ఈ ముక్క చదివి వినిపించండి.

గట్టిమాట గారన్న ఆస్తి సంగతి పూర్తిగా కొట్టిపారేయలేను. మా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావరకు భూమి రాయించుకున్నాక వదిలేసినవే. చూసుకుంటామన్న షరతు మీద ఇచ్చిన గిఫ్ట్ డీడ్ అయితే ఇదే చట్టం 23వ సెక్షన్ కింద రద్దు చేయించొచ్చు. కాబట్టి రాసేవాళ్ళు ఆ షరతు కాగితంలో రాయించుకోండి, నోటిమాట మీద పోకండి. అయితే ఎన్నేళ్ళ ప్రాక్టీసులోనూ డబ్బు ఇప్పించగలిగాను కానీ ఎవరినీ మంచం పక్కన కూర్చోబెట్టలేకపోయాను. అది ఆర్డర్‌తో జరిగే పని కాదు.

గట్టిమాట

నేను చెప్పిందే మీరూ చెప్పారు, కాస్త పొడుగ్గా.

కరీంనగర్_గల్ఫ్_వాపస్

నేను దుబాయ్‌ల ఉంటుంటి. అమ్మకు పక్షవాతం వచ్చిందని ఫోన్ వస్తే వచ్చిన, మళ్ళా పోలేదు. అన్న గవర్నమెంట్ టీచర్. వదినకు అంగన్‌వాడీ ఉద్యోగం. అక్కను దూరం ఇచ్చినం. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నం. మాట్లాడుకున్నం అంటున్నగని నిజానికి అందరూ నా దిక్కు చూసిండ్రు. నాకు పెండ్లి కాలే, నాది కాంట్రాక్ట్ పని, పోతే మళ్ళా దొరుకుతది అనుకున్నరు. అంతే. ప్రేమ ఎక్కువున్నోడికి ఈ పని రాలేదు. ఎవని పని ఆగితే ఇంటికి తక్కువ నష్టమో వానికి వచ్చింది. మా అమ్మ మీద అన్నకు నా కంటె తక్కువ ప్రేమ ఏం లేదు.

పని సంగతి చెప్పాలె. రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలె, లేకుంటే వీపు మీద, నడుం మీద పుండ్లు పడతయ్. పుండు పడితే మానుడు చాలా కష్టం. ముక్కుల పైపుతోని జావ పోసేటప్పుడు తల ఎత్తి పెట్టాలె, పోసినంక కూడా కొంచెంసేపు అట్లనే ఉంచాలె, లేకుంటే ఊపిరితిత్తులకు పోతది. ఇవన్నీ నేర్చుకున్న. కష్టం అది కాదు. అమ్మకు బట్టలు మార్చుడు, కడుగుడు. కొడుకును కద. మొదట్ల నేను లోపలికి పోతనే కండ్లు గట్టిగ మూసుకునేది. నేను అయిపోయిందమ్మా అనేదాక తెరవకపోయేది. చుట్టుపక్కల ఆడోళ్ళు కూడా ‘నీకెందుకు బిడ్డా, ఎవరినన్న పెట్టు’ అన్నరు. పెడితే ఆమె పండక్కి పోయి రాలేదు.

కొన్ని నెలలకు మాట కొద్దికొద్దిగ వచ్చింది. వచ్చిన మాటలల్ల మొదట స్పష్టంగ వచ్చింది తిట్టు. ‘మెల్లగ తిప్పురా గాడిది కొడకా.’ ఇప్పుడు కండ్లు మూసుకోదు, తిడుతది. తిట్టుడు షురూ అయినంక నాకు పానం హాయిగ అయింది.

సంబంధాలు వస్తయ్, ఇల్లు చూస్తరు, అమ్మను చూస్తరు, పోతరు. దానికి అమ్మను ఏమంట?

కాశీబుగ్గ_జీడిపప్పు

తమ్ముడూ, ‘ఎవని పని ఆగితే ఇంటికి తక్కువ నష్టమో’ అన్నావు చూడు, అదే. మా దగ్గర ఆ లెక్క ఇంకో మలుపు తిరిగింది. 2019లో డయాలసిస్ వాళ్ళకి పింఛను 10,000 చేశారు. మంచాన పడి ఎవరికీ పట్టని ముసలాయన ఒక్కసారిగా నెల జీతం తెచ్చే మనిషయ్యాడు. కొన్ని ఇళ్ళల్లో మర్యాద పెరిగింది, నేను చూశాను. చెడ్డగా అనడం లేదు. మందులకి కొడుకు ముందు చేయి చాపక్కర్లేనప్పుడు ఆయన గొంతే మారిపోతుంది. కానీ పింఛను ఆయన పేరు మీద వస్తుంది. మోసేవాళ్ళ పేరు మీద ఏ కాగితమూ లేదు.

డయాలసిస్_సిస్టర్

మా వైపు 2022లో ఆసరా కింద డయాలసిస్ వాళ్ళకీ పింఛను మొదలుపెట్టారు, 2,016. ఉచిత బస్సు వచ్చాక ఆడ పేషెంట్లకీ, వెంట వచ్చే ఆడవాళ్ళకీ ఛార్జీల బాధ కూడా తప్పింది. చూసుకునేవాళ్ళకంటూ విడిగా మాత్రం ఏమీ లేదు.

కొచ్చిలో_తెలుగోడు

కేరళలో ఉంది. మంచానికే పరిమితమైన రోగిని పూర్తికాలం చూసుకునే మనిషికి ‘ఆశ్వాసకిరణం’ అని నెలకి 600 ఇస్తారు. చిన్న మొత్తమే, అదీ నెలనెలా టైముకి రాదని ఇక్కడి పేపర్లు రాస్తూనే ఉంటాయి. కానీ ప్రభుత్వం కాగితం మీద రోగి పక్కన ఇంకో మనిషి కూడా ఉన్నట్టు ఒప్పుకుంది.

అంతకంటే పనికొచ్చేది పాలియేటివ్ కేర్, అంటే నయం కాని జబ్బువాళ్ళకి బాధ తగ్గించే సేవ. 1993లో కోళికోడ్‌లో కొందరు డాక్టర్లు మొదలుపెట్టారు, 2008లో రాష్ట్రం విధానంగా తెచ్చింది. పంచాయతీ నర్సు ఇంటికే వచ్చి పుండ్లకి కట్టు కడుతుంది, యూరిన్ పైపు మారుస్తుంది. ఊళ్ళో వాలంటీర్లు వచ్చి కూర్చుంటారు. నేను మా వీధి టీంలో వెళ్తుంటాను, మలయాళం అంతంతమాత్రమే అయినా. మేం వెళ్ళగానే చాలా ఇళ్ళల్లో ఆ ఇంటావిడ మొదట చేసే పని తలస్నానానికి వెళ్ళడం. రోగిని వదిలి బాత్రూంలో కాసేపు తీరిగ్గా ఉండటం కూడా కుదరదు వాళ్ళకి.

డాలస్_బాబాయ్

ఈ మాట చదివాక వదినకి ఫోన్ చేశాను. అటెండర్ ఉన్నా నీకెందుకు తీరదు వదినా అని అడిగాను. అటెండర్ నాన్నని చూస్తే, అటెండర్‌ని తను చూడాలట. అతను రాని రోజు, అతని భోజనం, అతని అడ్వాన్సు. ఇక నాన్నేమో అతని చేత్తో తినరు. గంట మాట్లాడింది. ఇన్నాళ్ళూ మా ఇద్దరి మధ్య ఫోన్లో నడిచింది మందుల బిల్లు గురించే.

అయినా నా ప్రశ్న నాకుంది. నేను పంపకపోతే ఆ ఇల్లు నడవదు. అది కూడా లెక్కలోకి రావాలి.

వరంగల్_వకీలు

వస్తుంది బాబాయ్, ఎవరు కాదన్నారు? పెద్ద జబ్బుల వైద్యానికి ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా ఉంది, పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్ళకి. కిడ్నీ ఫెయిల్యూర్, పార్కిన్సన్స్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. ఇక్కడ పన్ను కట్టే మీ అన్నయ్యకి చెప్పండి. డబ్బుకైతే రసీదు, మినహాయింపు, అన్నీ ఉన్నాయి. మీ వదినగారి గంటకి ఏముంది?

గట్టిమాట

సరే, నేనూ రాస్తా. మా నాయనమ్మని మా అమ్మ చూసింది, చాలా ఏళ్ళు. చివరికి పొలం మా బాబాయికి రాసి పోయింది ముసలావిడ. నేను ఆస్తి అన్నది అందుకే. మా అమ్మ మాత్రం ఒక్క రోజు కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు మంట.

సోంపేట_చిన్నకోడలు

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి అక్కకి ఫోన్ చేసి ఈ చర్చంతా చదివి వినిపించాను. వకీలు గారి పోస్ట్ దగ్గర నవ్వింది. ‘బాధ్యత లేదని కాగితం తెచ్చి ఆ ఫ్రిజ్ మీద అతికించు, వంట చేసుకుంటూ చదువుకుంటా’ అంది. కరీంనగర్ తమ్ముడి దగ్గర మళ్ళీ చదవమంది.

తర్వాత తనే చెప్పింది. తన మాటల్లోనే రాస్తున్నా.

‘మొదట్లో నాకు ఇష్టం లేదు. మీ బావగారికి పొలం పనులు, నీకు ఉద్యోగం, చెన్నై వాళ్ళు దూరం. మిగిలింది నేను. నన్ను ఎవరూ అడగలేదు, నేను ఒప్పుకోనూ లేదు. ఒకరోజు ఆటో వచ్చి నిలబడింది, ఎక్కించాను. అలా మొదలైంది. ఇప్పుడు ఎంత ఉప్పు పడితే ఆయనకి ఆయాసం వస్తుందో నాకు తెలుసు. మామూలు దగ్గేదో, నీరు పట్టిన దగ్గేదో పక్క గదిలోంచి వింటే తెలుస్తుంది. మీ బావగారికి తెలీదు, పక్కనే పడుకున్నా తెలీదు. నాకొక్కదానికే తెలిశాక ఎలా వదిలెయ్యను? దాన్ని ప్రేమ అని రాసుకుంటే రాసుకోండి. కట్నం దగ్గర ఆయనన్న మాటలు నేను మర్చిపోలేదు, మర్చిపోను.’

నేనేం చేయాలక్కా అంటే, ‘నాకు దండాలు పెట్టకండి, వారంలో ఒక రోజు కావాలి. మా అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, వెళ్ళి చూడలేదు’ అంది.

సిస్టర్ గారూ, మామయ్యగారికి మంగళ, గురు, శని డయాలసిస్. ఆదివారమైతే మా ఆయనకి సెలవు. ఆ రోజు ఆయన చూసుకుంటే అక్క వెళ్ళి రావచ్చా?

డయాలసిస్_సిస్టర్

ఆదివారం వద్దండి. శనివారం తర్వాత మళ్ళీ మంగళవారం దాకా మిషన్ లేదు, వారం మొత్తంలో అదే పెద్ద గ్యాప్. నీరు, పొటాషియం పేరుకుపోయి ప్రమాదం ఎక్కువగా ఉండేది అప్పుడే. అలవాటు లేనివాళ్ళ చేతిలో మొదటే ఆది, సోమవారాలు పెట్టకండి. గురువారం డయాలసిస్ అయ్యాక సాయంత్రం ఆవిడ బయల్దేరితే, శుక్రవారం ఒక్కరోజే ఇంట్లో చూసుకోవాలి. శనివారం మీ ఆయనే సెంటర్‌కి తీసుకెళ్ళాలి. కొన్నాళ్ళు అలా చేసి చెయ్యి తిరిగాక ఆదివారాలు అప్పజెప్పండి. ఆయాసం వచ్చినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళు నీరసించి కాళ్ళు లేవకపోయినా టైము చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళమనండి.

సోంపేట_చిన్నకోడలు

శుక్ర, శనివారాలకి మా ఆయన సెలవు పెట్టారు. ఇంకో వారం పెద్దబావగారు చూసుకుంటానన్నారు, చెన్నై వాళ్ళని ఇంకా అడగాలి. మా ఆయన ఇప్పుడే అక్కకి ఫోన్ చేసి పెరుగన్నంలో పెరుగు కూడా నీళ్ళ లెక్కలోకి వస్తుందా అని అడుగుతున్నారు. అక్క నవ్వి ఫోన్ నాకిచ్చేయమంది.

కాశీబుగ్గ_జీడిపప్పు

వస్తుందమ్మా, పెరుగులోనూ నీరే కదా. పైగా దాంతో భాస్వరం ఒంటికి పట్టకుండా చేసే మాత్ర కూడా ఉంటుంది, అన్నంతోపాటే వెయ్యాలి, తిన్నాక గుర్తొస్తే లాభం లేదు. రోజుకి ఎంతో ఒక సీసాలో ముందే పోసి పెట్టుకోమను. పెరుగు, చారు వేసినప్పుడల్లా అంత నీళ్ళు సీసాలోంచి తీసేయాలి. సాయంత్రం మామయ్య ఇంకో గుక్క అని బతిమాలతారు, అప్పుడు నాకు ఫోన్ చెయ్యమను.